నాలుగో వైపు

రిటైరయిన బడిపంతులు జీవరాజు చర్చి స్పీకరు పెట్టెను తన ఇంటి అరుగు మీద పడుకోబెట్టి, చిరిగిన రెక్సిన్ ఒలుస్తున్నాడు. ఆదివారం కొత్త చర్చి ప్రతిష్ఠ. ఆలోగా పెట్టెకు కొత్త రెక్సిన్ వేసి తెస్తానని ఫాదరుగారికి మాట ఇచ్చాడు. సుద్దముక్కతో గీత గీసి, గీత వెంట ఒకసారి చూపుడువేలు నడిపి, ఆ తర్వాతే కత్తెర పట్టుకుంటాడు. మూడు వైపులు అయ్యాయి. నాలుగో వైపు దగ్గర చేయి ఆగింది. అక్కడ అరచేతికన్నా పెద్ద తలనూనె మరక. భార్య జ్ఞానమ్మ, చెవులు మందగించాక, పదేళ్లపాటు ప్రతి ఆదివారం చర్చిలో ఆ పక్కనే ఆడవాళ్ల చాప మీద కూర్చుని, పెట్టెకు తల ఆనించి పాటలు వినేది. చెక్క అదిరితే ఆమెకు పాట తెలిసేది. ఆమె పోయి ఎనిమిది నెలలు. ఆ ఒక్క వైపు పాతది పీకకుండా, దాని మీదే గమ్ము రాసి కొత్తది వేశాడు. అంచులు అంటుకున్నాయి. మరక ఉన్నచోట మాత్రం ఉబ్బింది. నొక్కితే అణిగి, చేయి తీయగానే లేచింది.

ఆటోలకు సీటు కవర్లు కుట్టే హరిబాబు దారిన పోతూ ఆగాడు. "నూనె మీద గమ్ము పట్టదండి మాస్టారూ. అమ్మగారు పెట్టెక్కూడా తలంటేశారేంటండి? పాతది పీకేసి వేయండి, పది నిమిషాల పని."

"తెలుసయ్యా," అన్నాడు జీవరాజు.

ఆ ఉబ్బు కనబడకుండా చర్చిలో పెట్టెను గోడవైపు తిప్పమంటారని కూడా తెలుసు. హరిబాబు వెళ్లాక సుద్దముక్క తీసుకుని, పెట్టె వెనక గుండ్రటి అక్షరాలతో రాశాడు: ఉబ్బిన వైపు ఆడవాళ్ల చాపల వైపు.