పొగగొట్టం లేని ఇల్లు

గొడవ ఇంటి బొమ్మ దగ్గర మొదలైంది.

నేను విశ్వవిద్యాలయం కంప్యూటర్ కేంద్రంలో ప్రోగ్రాములు రాస్తాను. ఆ ఏడాది ప్రవేశాల సమయానికి ఆఫీసు వరండాలో ఒక పెద్ద టచ్ స్క్రీన్ బిగించాలని పైవాళ్ళు నిర్ణయించారు. సర్టిఫికెట్ల సంచీ చంకలో పెట్టుకుని కొత్తగా వచ్చిన పిల్లలు హాస్టల్ ఎక్కడ, మెస్ ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుతుంది అని కనిపించిన ప్రతివాళ్ళనీ అడగక్కర్లేకుండా, తెర మీద బొమ్మని ముట్టుకుంటే దారి చూపించాలి. ఆ ప్రోగ్రాము రాయడం నా పని. బొమ్మలు మాత్రం ఎవరో ఎక్కడో తయారుచేసి అందరికీ పంచిపెట్టిన రెడీమేడ్ సెట్టు. దాన్ని ఇంటర్నెట్లోంచి దింపుకొచ్చినాయన నా పక్క సీటు సహోద్యోగి. రోజూ వారాసిగూడ నుంచి స్కూటర్ మీద వస్తాడు. వచ్చేది ఉద్యోగానికి కాదు, నాతో వాదించడానికని మా డైరెక్టర్ గారి నమ్మకం.

ఆ సెట్టులో ఇల్లంటే త్రికోణం పైకప్పు, దాని మీద ఒక పొగగొట్టం. భోజనమంటే ఒక కత్తి, ఒక ముళ్ళ చెంచా.

"ఏ ఇల్లండీ ఇది?" అన్నాను. "మీ వారాసిగూడలో పొగగొట్టం ఉన్న ఇల్లు ఒక్కటి చూపించండి, ఈ జన్మలో మీతో వాదించను."

"ఇల్లంటే గిట్లనే ఉంటది మేడం. దునియా మొత్తం సమజైతది."

"దునియా మొత్తం వచ్చి మన హాస్టల్లో చేరడం లేదుగా! వచ్చే పిల్లకి అర్థం కావాలి. మెస్సుకి కత్తి బొమ్మ ఎందుకు? ఎవర్ని పొడవడానికి?"

"మెస్సుల ఇడ్లీ మీరు తిన్నట్టు లేరు మేడం. కత్తి గావాలె."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వాదనలో నవ్వితే ఓడిపోయినట్టే. ఈలోగా మా గొంతులు విని డైరెక్టర్ గారు గదిలోంచి బయటికొచ్చారు. "బాగాలేదు సరే, మరి మీ దగ్గర వేరే బొమ్మలు ఉన్నాయా?" అన్నారు.

"మా అత్తయ్య చేత వేయిస్తాను" అన్నాను. అనేదాకా ఆ సంగతి నాకూ తెలియదు.

ఆయన ఒప్పుకుని ఒక షరతు పెట్టారు. రిజిస్ట్రార్ గారు చూడటానికి వచ్చిన రోజున ఆ బొమ్మలు తెర మీద సరిగ్గా కనిపించాలి. కనిపిస్తే ఉంచుతారు. ఏ తేడా వచ్చినా అప్పటికప్పుడు పొగగొట్టం సెట్టు ఎక్కించేస్తారు.

మా అత్తయ్య మిషన్ స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళితో కోస్తా నుంచి తార్నాక వచ్చి ఇన్నేళ్ళయినా మాటలో ఆ యాస పోలేదు, నోట్లో ఆ పదునూ పోలేదు. నాకూ పదునుంది కాబట్టి మా ఇంట్లో నిశ్శబ్దం చాలా అరుదైన వస్తువు. విచిత్రం ఏమిటంటే, అంతకాలం బొమ్మలు నేర్పిన మనిషి ఇంట్లో ఆవిడ వేసిన బొమ్మ ఒక్కటి కూడా లేదు. ఆ సాయంత్రం విషయం చెప్పి, ఎందుకు లేవని అడిగాను.

"ఎట్టా ఉంటాయే? అన్నీ బోర్డు మీద వేసినవేనాయె" అన్నారు. "రంగు సుద్దలతో ఏనుగుని వేసేదాన్ని. అంబారీ, గంటలు, మావటివాడి తలపాగా, అన్నీనూ. గంట కొట్టగానే లెక్కల మాస్టారు వచ్చి తొండం దగ్గర మొదలుపెట్టి తుడిచేవాడు. ఒక్కరోజన్నా ఆ కూడికలేవో పక్కన రాసుకోవచ్చుగా? ఊహూఁ. ఏనుగు పొట్టలోనే చెయ్యాలి ఆయనకి."

అంత కోపంగా చెప్పి, మామూలు గొంతుతో అడిగారు: "నీ తెర మీద వేసింది ఎవరూ తుడవరుగా?"

"తుడవరు" అన్నాను.

ఆ మాట ఇచ్చాక అది నా ఆఫీసు గొడవ కాదు. పొగగొట్టం పోయినా ఉన్నా నాకొచ్చిన నష్టం లేదు. ఆవిడ ఇంకోసారి తుడిపించుకోకూడదు, అంతే.

మొదటి బొమ్మలతోనే చిక్కొచ్చింది. బొమ్మ చిన్నదిగా ఉండాలని చెప్పాను కదా, చిన్నదంటే సన్నపని అనుకున్నారు. సన్నటి పాళీతో ఇంటిని వేశారు. మా బాల్కనీలోంచి కనిపించేలాంటి మేడే. పైన నల్ల నీళ్ళ ట్యాంకు, కిటికీలకి ఊచలు, తీగ మీద ఆరేసిన చీరలు, ఆ చీరల అంచుల్లో మామిడి పిందెలు. కాగితం మీద ముద్దొచ్చేలా ఉంది. స్కాన్ చేసి, బొటనవేలి గోరంత చేసి తెర మీద పెడితే, చక్కెర చుట్టూ చీమలు పట్టినట్టు ఉంది. పైగా బొమ్మతోపాటు కాగితం తెలుపు కూడా వచ్చి చుట్టూ చతురస్రంగా కూర్చుంది, దెబ్బకి కట్టు కట్టినట్టు.

"వెనకాల తెలుపు తీసేయాలి అత్తయ్యా. అక్కడ ఏమీ లేదని కంప్యూటర్‌కి చెప్పాలి."

"ఏమీ లేదన్న సంగతి కూడా చెప్పాలా దానికి? మా లెక్కల మాస్టారే నయం."

"తెలుపు నేను తీసేస్తాను. చీమల సంగతి మీరు చూడండి."

"చీమలా? కళ్ళజోడు మార్పించుకో!"

రెండు రోజులు మాటల్లేవు. మా ఇంట్లో మాటల్లేకపోతే పక్క ఫ్లాటువాళ్ళు వచ్చి అంతా క్షేమమేనా అని అడుగుతారు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ నేనే అన్నాను: "మీ క్లాసులో చివరి బెంచీ పిల్లకి ఈ బొమ్మ కనిపిస్తుందా అత్తయ్యా?"

నా చేతిలో గరిటె లాక్కుని పక్కన పెట్టారు. "ఆ ముక్కేదో ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అన్నారు.

అన్నం చల్లారిపోయింది. లావు స్కెచ్ పెన్ను తీసి, కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించి, నాలుగు గీతలు వేసి, బాల్కనీ చివరిదాకా వెళ్ళి కళ్ళు చికిలించి చూశారు. వచ్చి ఇంకో కాగితం మీద ఒక గీత తగ్గించి వేశారు. మళ్ళీ వెళ్ళారు. చీరలు పోయాయి, ఊచలు పోయాయి. నల్ల ట్యాంకు మాత్రం ఠీవిగా నిలబడింది. మెస్సుకి స్టీలు ప్లేటు, రెండు ఇడ్లీలు, పక్కన చట్నీ గుంట. బస్సులోంచి నవ్వుతూ చెయ్యి ఊపే కండక్టరు. లైబ్రరీకి పుస్తకం కాదు, పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతున్న పిల్ల. "నేను చూసిన లైబ్రరీ ఇదే" అన్నారు.

అన్నిటినీ మా లాప్‌టాప్‌లో 'అత్తయ్య' అనే ఫోల్డర్లో పెట్టాను. రోజూ సాయంత్రం ఏదో ఒకటి మార్చి వేసేవారు కాబట్టి, ఎప్పటికప్పుడు కొత్తది కనిపించేలా, బొమ్మలు నేరుగా ఆ ఫోల్డర్లోంచే తెచ్చుకోమని ప్రోగ్రాముకి చెప్పి పెట్టాను. పొద్దున ఆ లాప్‌టాప్‌నే ఆఫీసుకి మోసుకెళ్ళి చూపించేదాన్ని. అన్నీ చక్కగా తెరుచుకునేవి. ఇంకొక సంగతి. ఏ కారణం చేతనైనా బొమ్మ తెరుచుకోకపోతే దాని స్థానంలో కనిపించడానికి ఒక మాట రాసి పెట్టాలి. అక్కడ నాకు గుర్తుండేలా ఏవేవో రాసుకున్నాను. తర్వాత మార్చొచ్చులే అనుకున్నాను. ఎలాగూ బొమ్మలు తెరుచుకుంటున్నాయిగా, ఎవరు చూస్తారు?

రిజిస్ట్రార్ గారు వచ్చే రోజు అత్తయ్య గంజిపెట్టిన తెల్ల చీర కట్టుకుని, ప్రార్థన చేసుకుని, నాకంటే ముందే గుమ్మం దగ్గర నిలబడ్డారు. ప్రోగ్రాము పెన్ డ్రైవ్‌లో వేసుకున్నాను. బరువెందుకని లాప్‌టాప్‌ని బల్ల మీదే వదిలేసి ఆటో ఎక్కాం.

వరండాలో బిగించే ముందు మీటింగ్ హాల్లో చూపించాలి. రిజిస్ట్రార్ గారు, విభాగాల అధికారులు, మా డైరెక్టర్ గారు, అందరూ తెర ముందు కూర్చున్నారు. ప్రోగ్రాము తెరిచాను. ఒక్క బొమ్మ లేదు. బొమ్మ ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ చతురస్రం, మూలన చిరిగిన కాగితం గుర్తు. ఆ చతురస్రాల్లో నా రాతలు. రిజిస్ట్రార్ గారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదవడం మొదలుపెట్టారు.

"పొగగొట్టం లేని ఇల్లు... అత్తయ్య ఇడ్లీ, చట్నీ గుంట పెంచాలి... ఆస్పత్రి, అత్తయ్య అలిగారు, రేపు చూద్దాం... బస్సు, కండక్టరు పళ్ళు ఎక్కువయ్యాయి, ఆవిడకి ఎవరు చెప్తారు?"

హాలంతా గొల్లుమంది. వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది: "కండక్టరు పళ్ళకేమొచ్చిందే?"

నవ్వు రెట్టింపైంది. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది ఏం జరిగిందో. ఆటో ఎక్కి అడ్రసు చెప్పకుండా 'మా ఇంటికి పోనీ' అన్నట్టుంది నేను చేసిన పని. మా లాప్‌టాప్‌కి ఆ ఇల్లు తెలుసు. ఈ హాల్లో ఉన్న యంత్రానికి ఏం తెలుసు? 'అత్తయ్య' ఫోల్డర్ కోసం తనలోనే వెతుక్కుని, లేదని చేతులెత్తేసింది.

డైరెక్టర్ గారు గొంతు తగ్గించి మా సహోద్యోగిని అడిగారు. "ఆ సెట్టు తెచ్చారా?"

"తెచ్చిన సార్."

అత్తయ్య ఆ మాట విన్నారు. చీర కొంగు సర్దుకుని, నావైపు చూసి, "గంట కొట్టేశారన్నమాట" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది.

మా సహోద్యోగి పెన్ డ్రైవ్ బయటికి తీశాడు, ఆవిడ వైపు చూశాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "జర ఆగుండ్రి సార్. తార్నాక ఎంత దూరం? ఇట్ల పోయి అట్ల వస్తం" అన్నాడు.

"మా టీ అయ్యేదాకా ఆగుతాను" అన్నారు రిజిస్ట్రార్ గారు.

స్కూటర్ వెనక కూర్చుని అంత వేగంగా ఎన్నడూ వెళ్ళలేదు. క్యాంపస్ చెట్లన్నీ ఒక్కటే చెట్టులా కనిపించాయి.

"నేను ఓడిపోతే గెలిచేది మీరేగా, ఎందుకండీ ఈ సాయం?" అని ఆయన చెవిలో అరిచాను.

"పళ్ళ కండక్టర్‌ను సూడాలె మేడం!" అని వెనక్కి అరిచాడు. "గా బొమ్మ సూడకుండ నాకు నిద్ర పట్టది!"

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తిరిగి వచ్చేసరికి వరండాలోకి నవ్వులు వినిపిస్తున్నాయి. నా రాతల్ని ఇంకా చదువుకుంటున్నారేమో అనుకుంటూ తలుపు తోశాను. అత్తయ్య వైట్ బోర్డు దగ్గర ఉన్నారు. చేతిలో మార్కర్. బోర్డు నిండా బొమ్మలు. ఇల్లు, ఇడ్లీ, నిద్రపోతున్న పిల్ల, నోరంతా పళ్ళతో కండక్టరు, చివర్న టీ కప్పు పట్టుకుని అచ్చం రిజిస్ట్రార్ గారు, ముక్కు కొంచెం ఎక్కువగా. అధికారులందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"ఆ చివర కూర్చున్నాయనా, కనపడతందా?" అని అడుగుతున్నారు ఆవిడ.

"కనిపిస్తోంది టీచర్!" అన్నారు పరీక్షల విభాగం అధికారి, అంత మనిషీ.

నేను చప్పుడు చేయకుండా 'అత్తయ్య' ఫోల్డర్ని తెచ్చి ప్రోగ్రాము పక్కనే ఆ యంత్రంలో పెట్టాను. బొమ్మల కోసం ఎవరింటికీ వెళ్ళొద్దు, నీ పక్కనే ఉన్నాయి చూసుకో అని ప్రోగ్రాములో ఒక్క మాట మార్చాను. మళ్ళీ తెరిచాను. బొమ్మల ఫైళ్ళు కాస్త బరువైనవి కావడంతో ఒక్కొక్కటే నిదానంగా పైనుంచి కిందికి దిగాయి. ముందు నల్ల ట్యాంకు వచ్చింది, దాని కింద మేడ వచ్చింది. తర్వాత ఇడ్లీలు. తర్వాత కండక్టరు.

"స్తోత్రం!" అన్నారు అత్తయ్య గట్టిగా.

రిజిస్ట్రార్ గారు లేచి ఇడ్లీని ముట్టుకున్నారు. తెర మీద మెస్సుకి దారి గీత పరుచుకుంది. బస్సుని ముట్టుకున్నారు. ఎందుకో నిద్రపోతున్న పిల్లని రెండుసార్లు ముట్టుకున్నారు. "ఇవే ఉంచండి" అన్నారు.

డైరెక్టర్ గారు మా సహోద్యోగి వైపు తిరిగి, "మీ సెట్టు మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు.

"గా కత్తి ఇంటికి పట్టుకపోత సార్. కూరగాయలకు పనికొస్తది."

అందరూ వెళ్ళిపోయాక అత్తయ్య డస్టర్ తీసుకుని వైట్ బోర్డు ఆవిడే తుడిచేశారు, రిజిస్ట్రార్ గారి ముక్కు దగ్గర మొదలుపెట్టి, హాయిగా, కూనిరాగం తీస్తూ. నేను వైర్లు సర్దుతున్నాను. ఇంతలో వెనక నుంచి కేక.

"అమ్మాయ్! తుడిచేశారే!"

తిరిగి చూస్తే తెర నల్లగా ఉంది. ఎవరూ ముట్టుకోకపోతే కాసేపటికి దానంతట అది కునుకు తీస్తుంది. "నిద్రపోయింది అత్తయ్యా, ముట్టుకోండి" అన్నాను.

మార్కర్ మరకలున్న వేలితో, వేడి పెనాన్ని ముట్టుకున్నట్టు, అలా తాకారు. ఇల్లు, ఇడ్లీ, బస్సు, పిల్ల, అన్నీ ఎక్కడివక్కడ వచ్చి నిలబడ్డాయి. ఆవిడ మొహంలో వెలుగు ఆ తెరదో, ఆవిడదో చెప్పలేను.

"పదండి, ఆటో వచ్చింది" అన్నాను.

"ఉండవే" అన్నారు. కుర్చీ లాక్కుని తెర ఎదురుగా కూర్చున్నారు. "మళ్ళీ నిద్రపోనియ్. ఇంకోసారి లేపుతాను."