వీడియో మామ చెప్పిన అమ్మ

మంగళవారం పొద్దున కావలిలో నేను పనిచేసే ఫ్లెక్సీల షాపు షట్టరు తీస్తుండగా ఫోనొచ్చింది. "నాన్న పోయినాడక్కా," అంది వీడియో మామ కూతురు. నిద్రలోనే పోయాడట. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. రెండు వారాలుగా నేను ఆయనతో మాట్లాడడం లేదు.

సముద్రం పక్కన మా ఊళ్ళో చర్చి పెళ్ళిళ్ళన్నీ ఆయనే వీడియో తీశాడు. కావలి చుట్టుపక్కల మీలో చాలామంది మీ అమ్మానాన్నల పెళ్ళి ఆయన కళ్ళతోనే చూసి ఉంటారు. భుజం మీద పెద్ద కెమెరా, జేబులో పాత బనియను గుడ్డ. ఉప్పుగాలికి లెన్సు మసకబారుతుందని మాటిమాటికీ తుడిచేవాడు. "మనిషిని తొందరపెడితే ముఖం మూసుకుపోతుంది పాపా," అనేవాడు. నేను డిజైనింగ్ నేర్చుకుంటానంటే మా నాన్నను ఒప్పించింది కూడా ఆయనే.

నా మూడో ఏట అమ్మ చనిపోయింది. ఒక్క ఫొటో మిగిలింది. మామ తీసిన అమ్మ పెళ్ళి క్యాసెట్టు ఇంట్లో ఉండేది, అదీ ఎప్పుడో బూజు పట్టి పాడైపోయింది. ఈ ఏడాది ఆ ఫొటోను ఏఐకి ఇచ్చి, పాత వీడియోలో ఆగిన బొమ్మలా చెయ్యమన్నాను. అంచుల్లో కారిన రంగులు, అడుగున వణికే గీతలు, మూలన తెల్లటి అంకెల్లో తేదీ. ఎన్నిసార్లు చేశానో. బాగా వచ్చిందనిపించాక తీసుకెళ్ళి ఆయనకు చూపించాను.

ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "గీతలు అచ్చం అట్నే పడినాయి. వీసీఆర్ హెడ్డుకు మురికి పడితే ఇట్నే వణికేది." ఫోను తిరిగిస్తూ, "మీ అమ్మ మాత్రం కాదు పాపా," అన్నాడు.

"ముఖం ఫొటోలోదే కదా మామా!"

"ముఖం అదే. అంత ధైర్యంగా కెమెరాను చూసే మనిషి కాదు మీ అమ్మ. నా లైటుకు కళ్ళు చికిలించి, పెదవి కొరుక్కునింది."

అప్పట్నించి ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన చెప్పేవాడు, నేను మార్చేదాన్ని. జారిపోతున్న ముసుగు, దాన్ని పట్టుకున్న రెండు వేళ్ళు. వారం వారం అమ్మ కొంచెం దగ్గరికొచ్చింది.

ఒక ఆదివారం నా వైపు చూడకుండా అన్నాడు: "అసలు టేపు నా దగ్గరే ఉండింది పాపా. కొత్తది దొరక్క, దాని మీదే ఇంకో పెళ్ళి తీసినా. అప్పటికి మీ అమ్మ బతికే ఉంది. మీ ఇంట్లో కాపీ ఉంది కదా అనుకున్నా."

నేను లేచి వచ్చేశాను. తర్వాతి ఆదివారం వెళ్ళలేదు. ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. ఆయన తప్పు ఏముందని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక ఆయన కూతురు ఒక నోటుబుక్కు కాగితం నా చేతిలో పెట్టింది. "మొన్న ఆదివారం నీకోసం చూసి చూసి, నాతో రాయించినాడక్కా. నీకిమ్మన్నాడు."

పొట్టి పొట్టి వాక్యాలు, అన్నీ అమ్మ పెళ్ళి నాటివే. ఎడమచేతి గోరింటాకు సరిగా పండలేదు. పాట అందరికన్నా ముందు అందుకునింది. అన్నీ చదివాను. చివరిది ఇది:

"చర్చి మెట్లు దిగుతా ఒక్కసారి వెనక్కి తిరిగి నవ్వింది. అప్పటికే కెమెరా ఆపేసినా. అది నేనొక్కడినే చూసినా."