అభ్యంతరం తప్పనిసరి

మా అక్క పెళ్ళి ఇంచుమించు ఆగిపోయింది. జాతకాలు కుదరక కాదు, తుఫాను వచ్చి కాదు. నేను రాసిన కోడులో ఒక చిన్న మాట మర్చిపోవడం వల్ల. ఈ కథ చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేసింది. నర్సీపట్నంలో బస్సు కోసం నిలబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి "మళ్ళీ ఒకపాలి సెప్పు బాబూ" అంటారు. అందుకే ఇదంతా ఒకసారి రాసి పడేస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకి లింకు పంపేసి నేను కళ్ళు మూసుకుంటాను. మీరు కుర్చీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. పడాల్సినవాణ్ణి నేను పడ్డాను, అది చాలు.

అప్పట్లో నేను ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్నాను. దానికి అడ్రసు దొరకలేదు. ఖాళీగా ఉన్నవాడు అందరిలా రెడీమేడ్ బ్లాగు తెరుచుకోవచ్చు కదా? అబ్బే, నాకు సొంత బ్లాగు కావాలి, పునాది నుంచీ నేనే కట్టాలి. వీడియోలు చూసి ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ పట్టుకున్నాను. ఫ్రేమ్‌వర్క్ అంటే మన టెంట్ హౌస్ లాంటిది. పొయ్యి, గుండిగలు, గరిటెలు అన్నీ వాళ్ళే ఇస్తారు. మాడబెట్టడం మాత్రం మనమే చేసుకోవాలి.

బ్లాగు నిలబడింది. మా చర్చి వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే పదిమందీ చదివారు కూడా. కానీ తిరిగి ఒక్క మాట అనడానికి వాళ్ళకి చోటు లేదు. "వ్యాఖ్యల పెట్టె పెడతానమ్మా" అన్నాను.

"జీతవెప్పుడిత్తార్రా దానికి?" అంది మా అమ్మ.

ఆ ప్రశ్న పక్కన పెట్టి పనిలో పడ్డాను. సరిగ్గా అప్పుడే అక్క పెళ్ళి కుదిరింది. కుదిరిందనడం కన్నా, కుదర్చబడింది అనాలి. మా సునీతక్క, యలమంచిలి ఊరి విజయ్ ఒకే స్కూల్లో టీచర్లు. ఇద్దరికీ ఇష్టమే. నెలకోసారి మా చర్చి ప్రార్థనకొచ్చే విజయ్ వాళ్ళమ్మగారే ఏడాది పాటు "ప్రార్థన చేస్తన్నాను" అని సాగదీసి, చివరికి ఒక షరతు మీద సరే అన్నారు: "మూడు ప్రకటనల్లో దేవుడు ఏ అడ్డూ సూపించకపోతే సరే. సూపించాడో, మళ్ళీ నన్నడక్కండి."

ఈ ప్రకటన సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. మా సంఘంలో పెళ్ళికి ముందు వరుసగా మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, "ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెను" అంటారు. అని కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో ఫ్యాను కిర్రుమంటుంది, వెనక వరసలో ఎవరో దగ్గుతారు. అంతే. నాకు బుద్ధెరిగాక ఒక్కరంటే ఒక్కరు నోరు విప్పింది లేదు.

ఆ మౌనం నాకు వెలితిగా అనిపించింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. నేను కత్తిపీటకి దురద పుట్టించే యంత్రమే తయారుచేశాను. మొదటి ప్రకటన అయిన రోజే దాన్ని ఉన్నదున్నట్టు బ్లాగులో పెట్టి, కింద కొత్త వ్యాఖ్యల పెట్టె తగిలించాను. అందులో మూడు గడులు: పేరు, శుభాకాంక్షలు, అభ్యంతరం. మూడోది ఎందుకు? ప్రకటనలో ఉంది కాబట్టి. నేను నమ్మకమైన లేఖకుణ్ణి.

ఇక్కడే అసలు సంగతి. నా ఫ్రేమ్‌వర్క్‌లో ఒక గడిని ఖాళీగా వదలొచ్చు అని మనం ప్రత్యేకంగా రాయాలి. రాయకపోతే అది నింపి తీరాలని పట్టుబడుతుంది. నేను రాయలేదు. పరీక్షించలేదా అంటారేమో. పరీక్షించాను. మూడు గడులూ శుభ్రంగా నింపి, మీట నొక్కి, వెళ్ళిందని చప్పట్లు కొట్టుకున్నాను. మనిషన్నాక ఒక గడి ఖాళీగా వదులుతాడన్న ఆలోచనే నాకు రాలేదు.

వారం తిరిగేసరికి వ్యాఖ్యలు వరదలా వచ్చాయి. నేను అంకె పెరగడం చూసి మురిసిపోయానే తప్ప లోపలేముందో చదవలేదు. తన బ్లాగు తానే చదవని రచయిత దేశంలో నేనొక్కణ్ణే కాదనుకుంటాను.

రెండో ప్రకటన అయ్యాక అయ్యగారు మమ్మల్ని చర్చి పక్క గదిలోకి పిలిచారు. బల్ల మీద జిరాక్సు షాపులో తీయించిన కాగితాల కట్ట. పక్కన సంఘ పెద్ద సత్యానందం తాతగారు, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని. అక్క ముఖంలో నెత్తురు లేదు.

"నా సేవలో ఇలాంటిది సూడలేదమ్మా," అన్నారు అయ్యగారు నీరసంగా. "ఇన్ని అభ్యంతరాలా?"

"అభ్యంతరాలేటండీ?" అంది అమ్మ.

తాతగారు గొంతు సవరించుకుని చదివారు. "గ్రేసమ్మ గారు. నూరేళ్ళు సల్లగా ఉండాలి. అభ్యంతరం: ఎండల్లో పెట్టకుండా ఉండాల్సింది. కృష్ణదేవిపేట నుంచి మీ పిన్ని. దేవుడు దీవించు గాక. అభ్యంతరం: సాయంత్రం అయితే మా ఊరికి షేర్ ఆటోలుండవు. పెళ్ళికూతురి స్నేహితురాలు. ఐ లవ్ యూ సునీ. అభ్యంతరం: దీనికి అన్నం వార్చడం కూడా రాదు."

"ఎవుర్తే అది?" అంది అక్క.

"పెళ్ళికొడుకు స్నేహితుడు. ఆల్ ది బెస్ట్ మావా. అభ్యంతరం: గురక. హాస్టల్లో గదంతా సాక్షులం. ఇంకొకరు... అభ్యంతరం: రాయకపోతే పోనివ్వట్లేదు బాబూ." తాతగారు కళ్ళజోడు తీశారు. "అయ్యగారూ, ఈయన్నెవరో బలవంతపెట్టేరండి."

బలవంతపెట్టిందెవరో నాకు అప్పుడు అర్థమైంది. కొరివితో తల గోక్కున్నవాళ్ళని చూశాం. నేను ఆ కొరివిని సొంతంగా కోడు రాసి మరీ తయారుచేసుకున్నాను. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అవన్నీ పోనిద్దాం," అన్నారు అయ్యగారు. "అసలుది ఇది." అడుగున ఉన్న కాగితం తీశారు. "టెస్ట్ రావు. శుభాకాంక్షలు: ఎ ఎ ఎ ఎ. అభ్యంతరం: వరుడికి ఇదివరకే పెళ్ళయింది."

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. పెట్టె పరీక్షించిన రోజు నేను టైపు చేసిన వాక్యమది. చేతికొచ్చింది కొట్టాను. చెరిపేయడం మర్చిపోయాను.

"ఎవురీ టెస్టురావు?" అన్నారు అయ్యగారు.

"నానెరుగుదునండీ," అన్నారు సత్యానందం తాతగారు. "గొలుగొండ వైపు ఉంటాడు. నల్లగా, పొడుగ్గా. అబద్ధవాడే మనిషి కాదు."

అయ్యగారు నిట్టూర్చారు. "రాసిచ్చిన అభ్యంతరం తేల్చకుండా మూడో ప్రకటన చదవలేనమ్మా. అది చదవకపోతే పెళ్ళి లేదు. ఆదివారంలోగా టెస్టురావు గారిని తీసుకురండి."

అక్కడే చెప్పేస్తే ఈ కథ ఇక్కడే అయిపోయేది, మీకూ నాకూ విశ్రాంతి. కానీ అక్క కళ్ళు చూసి నాకు ధైర్యం చాలలేదు. ఇంటికెళ్ళి గుట్టుగా ఆ వ్యాఖ్య తీసేశాను. లేని సాక్ష్యానికి విచారణ ఉండదని నా లెక్క.

సాయంత్రానికి తాతగారు ఫోన్ చేశారు. "బాబూ, టెస్టురావు రాసింది మాయమైపోయింది! ఎవుడో ఆణ్ణి బెదిరించేడు. ఇది పెద్దోళ్ళ పనే."

ఆ మాట యలమంచిలి చేరడానికి రైలు కూడా అక్కర్లేకపోయింది. విజయ్ వాళ్ళమ్మగారు ఒక్క మాటే అన్నారట: "దేవుడు సూపించేడు." విజయ్ బావ నాకు ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియని గొంతు. "ఒరే, నాకే తెలీకుండా నాకు పెళ్ళెప్పుడయ్యిందిరా? పిల్లలు కూడా ఉన్నారేటి?"

 అక్క మాత్రం కొత్త చీరలన్నీ మడతపెట్టి, మళ్ళీ అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఎన్ని జోకులైనా వేయగలను గానీ ఆ పెట్టె మూత పడే చప్పుడు మీద వేయలేకపోయాను.

మూడో ఆదివారం ఆరాధన మొదలవకముందే పక్క గదికి వెళ్ళాను. అయ్యగారు, తాతగారు, యలమంచిలి నుంచి వచ్చిన విజయ్ వాళ్ళమ్మగారు అక్కడే ఉన్నారు.

"టెస్టురావుని నేనేనండీ," అన్నాను.

"అక్క కోసం నింద మీదేసుకుంటన్నాడు. మంచి పిల్లడు," అన్నారు తాతగారు జాలిగా.

"నిజంగా నేనేనండీ! పెట్టె పనిచేస్తుందో లేదో చూడ్డానికి రాశాను. మిగతావాళ్ళు కూడా కావాలని రాయలేదు. అభ్యంతరం రాస్తేగాని అది దీవెన తీసుకోదండీ."

"దీవెనకి అభ్యంతరవేటి?" అన్నారు విజయ్ వాళ్ళమ్మగారు, నావైపు చూడకుండా.

నా ఫోను అయ్యగారి చేతిలో పెట్టాను. "మీరే దీవించి చూడండి."

అయ్యగారు ఒక వేలితో తీరిగ్గా తన పేరు కొట్టి, దీవెన టైపు చేశారు: "ప్రభువు ఈ జంటను దీవించును గాక." మీట నొక్కారు. ఎర్రటి అక్షరాలు వెలిగాయి: ఈ గడిని నింపడం తప్పనిసరి. ఆ వాక్యాన్ని తెలుగులోకి తెచ్చింది కూడా నేనే, ఎంతో గర్వంగా. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఎరుపు. అయ్యగారికి చెమట పట్టింది. బయట పాట మొదలైపోయింది.

"బేగి కానివ్వండి అయ్యగారూ," అన్నారు తాతగారు.

అయ్యగారు పళ్ళు బిగబట్టి మూడో గడిలో ఏదో కొట్టి మీట నొక్కారు. ఈసారి వెళ్ళింది. విజయ్ వాళ్ళమ్మగారు ఫోను తీసుకుని పైకి చదివారు.

"అభ్యంతరం: వరుని తల్లి ప్రార్థనకు ఆలస్యముగా వచ్చును."

 అయ్యగారు నేల వైపు చూస్తున్నారు. ఆవిడ ముందు పెదవి బిగించారు, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. అది నవ్వేనని తేలడానికి కాసేపు పట్టింది.

"అబద్ధవేటి కాదులెండి," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ఎల్లి సదవండి. అడ్డు దేవుడు పెట్టింది కాదు, ఈ ఎదవ పెట్టింది."

అయ్యగారు మూడో ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెను అని, "నోటితో" అని ఒక మాట చేర్చారు. ఫ్యాను కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఆ దగ్గంత తియ్యని సంగీతం నేనింతవరకూ వినలేదు.

పెళ్ళి జరిగింది. ఎండలోనే. విజయ్ బావ గురక నిజమేనని అక్క తర్వాత ధ్రువీకరించింది. నేను ప్లేట్లు అందిస్తుంటే సత్యానందం తాతగారు ఆపారు.

"టెస్టురావు రాలేదేటి?"

"నేనే తాతగారూ."

"నువ్వు కాదు బాబూ. అసలోడు."

కాబట్టి ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. నేను కట్టే ఏ వెబ్‌సైటులోనూ ఎవరినీ ఏ గడీ నింపమని బలవంతపెట్టను. లేని అభ్యంతరాన్ని ఊళ్ళో వెతకను. ఈ రచన కింద వ్యాఖ్యల పెట్టె ఉండదు, కిందికి జరిపి చూడకండి. ఎప్పటికైనా నా పెళ్ళంటూ కుదిరితే, ఆ మూడు ఆదివారాలూ ఫోను ఆపేసి, నోరు మూసుకుని, ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటాను.

ఈ మాట మొన్న తాతగారికి కూడా చెప్పాను. ఆయన ఎంతో సంతోషించి, నా మూడో ప్రకటన నాటికి గొలుగొండ వెళ్ళి టెస్టురావుని స్వయంగా తీసుకొస్తానని మాటిచ్చారు.