ఆళ్లగడ్డ పుల్లర్

తొంభైల చివర్లో నాయన పాత అంబాసిడర్ నా చేతికి వచ్చేసరికి దాని స్టీరింగ్ వదులై ఊగుతోంది. స్టీరింగ్ కడ్డీ ఊగకుండా పట్టి ఉంచే కొత్త బుష్ కొని, నంద్యాలలో మాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి బండి తీసుకుపోయాను. బుష్ వేయాలంటే ముందు స్టీరింగ్ చక్రం ఊడాలి. ఆయన సుత్తి తీశాడు. నేను కొట్టనివ్వలేదు. లోపలి కడ్డీకున్న మరలు చితికితే ఇక బండి పోయినట్టే.

"చక్రం లాగే పుల్లర్ ఈడ దొరకదక్కా. గుజిరీకి ఏసేయ్, పాతినుముకన్నా పనికొస్తాది. ఆడోళ్లకు ఈ బండి ఎందుకు?" అన్నాడు.

ఆ చివరి మాటకు ఒళ్లు మండి ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్కడ శిల్పులకు ఉలులు చేసే కమ్మరికి పుల్లర్ ఎలా ఉంటుందో నేల మీద గీసి చూపించాను. ఒక అడ్డపట్టీ, దానికి రెండు కొక్కేలు, నడుమ పొడుగాటి బోల్టు. చేశాడు గానీ చేతికివ్వలేదు. ఉలినైనా రాతి మీద కొట్టి చూడందే అక్కడ ఎవరికీ ఇవ్వరు.

"పనిచేస్తాదో లేదో సూడకుండా ఎట్లిచ్చేది? బండి తోలుకోని రా," అన్నాడు.

మరుసటి రోజు ఊగే స్టీరింగ్‌తోనే, ఎడ్లబండి కంటే కాస్త వేగంగా, ఆళ్లగడ్డ చేరాను. చక్రం కింద కొక్కేలు పట్టించి బోల్టు బిగించాను. చక్రం ఠప్పున వదిలింది. బుష్ కూడా నేనే వేసుకున్నాను.

తిరిగొస్తూ మెకానిక్ షెడ్డు ముందు ఆపి హారన్ కొట్టాను. ఆయన వచ్చి స్టీరింగ్ పట్టుకుని ఊపి చూశాడు. అది ఊగలేదు.

"ఆ పుల్లర్ ఒకసారి ఇయ్యక్కా. ఇట్లాంటి బండే ఇంకోటి వచ్చింది."

"ఇయ్యనన్నా. ఆ బండిని గూడా గుజిరీకి ఏసేయ్."