తుకారాం స్క్రూడ్రైవర్

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా, అక్కడ ఫిట్టర్‌గా పనిచేసిన తుకారాం చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ ఉండాల్సిందే. దాని మొన యంత్రానికి, పిడి చెవికి ఆనించి, లోపలి చప్పుడును బట్టి బేరింగ్ బాగోగులు చెప్పేవాడు. ఇప్పుడు ఇంట్లో మిక్సీకీ అదే పరీక్ష. మనవరాలు మనీషా యూనివర్సిటీ గోడపత్రికకు ఏటా తనకు నచ్చిన పది కొత్త ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల గురించి రాస్తుంది. ఈసారి మొదటి స్థానం దేనికివ్వాలో తేలక, తాతకు ఒక్కొక్కటే వినిపించింది. ఆయన స్పీకర్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. "గిది ఉత్త సప్పుడు. గిది గ్రీజు లేక మొత్తుకుంటున్నది."

నాలుగోది గుంయ్‌మని మొదలైంది. తుకారాం పాదం కదిలింది. "మిల్లు మంచిగ నడుస్తున్నది బిడ్డా. చెరుకు పడ్డది." మనీషా దాన్నే మొదటి స్థానంలో రాసుకుంది. నలభై నిమిషాలకు ఆల్బమ్ అయిపోయింది. పిడి చెవి నుంచి తీయకుండానే ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"ఎవరు బంద్ జేసిండ్రు?"