కాంక్రీటులో పాతిన స్పీడు బోర్డు

ఈ ఉదయం తుష్నాబాద్‌లో పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కి, కిటికీ సీట్లో కదలడానికి లేకుండా ఇరుక్కున్నాను. దారిలో రోడ్డు పని జరుగుతోంది. పనివాళ్ళను కాపాడటానికని, వచ్చే బండి వేగాన్ని అంకెల్లో చూపించే రాడార్ బోర్డు పెట్టారు. మన తెలుగు సంఘం మీటింగులో నేనేదో సందేహం అడిగితే, "పుస్తకాలు చదివితే రోడ్లు పడవు మావయ్యా" అని అందరినీ నవ్వించిన కాంట్రాక్టరుగారి ఘనకార్యమది. గాలికి పడిపోకుండా దాన్ని కాంక్రీటులో పాతించాడు. పని ముందుకు సాగి మలుపు దాటింది. బోర్డు మాత్రం పాతచోటే ఉంది.

డ్రైవరు బోర్డు దగ్గర బుద్ధిగా నెమ్మదించాడు. వేగం తగ్గి అంకె పచ్చగా మారగానే, పోయిన టైమంతా మలుపులో రాబట్టుకోవడం మొదలుపెట్టాడు.

"బాబూ, ముందు మనుషులున్నారు, మెల్లగా పోనియ్!" అని అరిచాను.

"అరే తాతా, బోర్డు కాడ స్లో చేసినాను కదా! హరా హో గయా, పచ్చగైపోయింది. ఇంకేటి?"

బస్సంతా నవ్వింది. మలుపులో ఎర్రజెండా పట్టుకున్న ఆవిడ పక్కకు గెంతి కొండవాలుకు అతుక్కుపోయింది. నా కిటికీ ఆమెను రాసుకుంటూ పోయినంత పని చేసింది. నన్నే చూసి అరిచింది.

"ముసిలోడా, నువ్వైనా సెప్పలేవేటి?"

శ్రీకాకుళం యాస. చెప్పానమ్మా అనేలోపే వెనకబడిపోయింది.

కాంట్రాక్టరూ, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. రేపే ఆ బోర్డు తవ్వించి ఆవిడ నిలబడే చోటుకు కాస్త ముందు పెట్టించు. మిగతావాళ్ళు చెప్పండి, ఆ కిటికీలో మీరుంటే ఏం చేసేవారు?