మ్యాపులో చిల్లు

మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవిలో దాచిన జెండాలు వెతుకుతూ పరుగెత్తే పోటీ అది. ఎనభైల మొదట్లో కాలేజీ తరఫున వెళ్లి, అందరికంటే చివర వచ్చాను. తిరుగు ప్రయాణంలో జహీరాబాద్ బస్టాండులో కూర్చున్నా కోపం దిగలేదు. మ్యాపు మోకాళ్ల మీద పరిచి తిట్టుకుంటున్నాను.

"ఎవల్ని తిడుతున్నవ్ బిడ్డా?" పక్కన అల్లం సంచితో కూర్చున్న ముసలాయన అడిగాడు.

"ఈ మ్యాపును, తాతా. ఇందులో అంతా అడవే. తీరా పోతే గుడిసెలు, మేకలు! దారి తప్పాననుకుని వెనక్కి తిరిగాను. జెండా ఆ గుడిసెల వెనకే ఉందట."

ఆయన ముఖం మారింది. "వాగు ఒడ్డుకున్నయా?"

"అవును."

"గవి మా ఇండ్లే! మా అయ్య పుట్టింది గూడ ఆడనే. మమ్మల్ని సూసి దారి తప్పిన్ననుకున్నవా? కండ్ల ముందు మనుషులుంటే కాయితాన్ని నమ్మినవా?"

బస్టాండంతా మావైపు తిరిగింది. నాకూ ఒళ్లు మండింది. "మ్యాపు గీసింది నేనా?" అని అరిచాను.

"గీసినోడు మా దిక్కు ఎన్నడు రాలే. నువ్వన్న వచ్చినవ్, వచ్చి ఎనక్కి పోయినవ్!"

నా జేబులోని పెన్సిల్ లాక్కుని "యాడ?" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. కాగితం చిరిగేలా అక్కడ పొడిచి, పెన్సిల్ నా ఒళ్లోకి విసిరి, సంచి ఎత్తుకుని తన బస్సెక్కాడు.

మరుసటి ఏడాదీ అదే మ్యాపు పంచారు. గుడిసెలున్న చోట ఇంకా అడవి పచ్చరంగే ఉంది. ఆ కొత్త కాగితాన్ని వాళ్లు పంచే బల్ల మీదే పడేసి, చిల్లు పడ్డ నా పాతదాంతోనే పరుగెత్తాను.